ముందుమాట అడిగిన అబ్బాయికి

చిరంజీవికి,

నీ కట్ట అంది పది రోజులైంది. అరవై రెండు కవితలు, రంగుల ముఖచిత్రం, ఇద్దరు పెద్దల ముందుమాటలు, మూడోది నన్ను రాయమంటూ నీ ఉత్తరం. ఉగాదికి ఆవిష్కరణ అని హాలు కూడా మాట్లాడుకున్నావు. ముందుమాట నేను రాయను. ఎందుకు రాయనో చెప్పాలి కదా, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాను. మిరపకాయల తొడిమలు తీసి ఇంటికొచ్చిన అమ్మ. ఏడుస్తున్న పిల్లవాడు. ఆ వేళ్లు కంటికి తగిలితే మంట. అందుకని 'అమ్మ చేత్తో కాదు, మోచేత్తో నా కళ్లు తుడిచింది' అన్నావు. అది చదివి, కాగితాలు బల్ల మీద పెట్టి, కాసేపు వసారాలో తిరిగాను. గుంటూరు వైపు కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లను నేనూ చాలాసార్లు చూశాను. ఆ మోచేయి నా కంట పడలేదు. నీ కంట పడింది.

తర్వాత నువ్వు చేసిన పని ఏమిటి? ఆ వాక్యాన్ని ముక్కలు చేశావు. 'అమ్మ' ఒక వరుస, 'చేత్తో' ఒక వరుస, 'కాదు' ఒక వరుస. ఒకసారి గట్టిగా చదువు. 'చేత్తో కాదు, మోచేత్తో' అన్నది ఒక్క ఊపిరిలో రావాలి. మొదటి 'చేత్తో' చెవిలో ఇంకా మోగుతుండగానే రెండోది వచ్చి దాన్ని తాకాలి. అమ్మ ఆ తాకిడిలోనే ఉంది. నువ్వు మధ్యలో గోడలు లేపావు. అది చాలదన్నట్టు చివర ఆరు పాదాలు తగిలించావు. అమ్మ చెమట కన్నీటి సంతకమట, ఆమె మౌనం నిశ్శబ్దపు నది అట. ఈ సంతకాలనూ ఈ నదులనూ ఎన్నేళ్లుగానో ప్రతి సంపుటిలో చూస్తూనే ఉన్నాను. ఎవరో ఒకరు మొదలుపెడతారు, అందరూ అందుకుంటారు, సమీక్షకులు 'నవ్యమైన పదచిత్రాలు' అని రాస్తారు. మోచేయి చూసిన కుర్రవాడికి ఆ అరువు నగలు దేనికి? నాకు కోపం వచ్చింది అక్కడే.

ఎం.ఏ.లో గణవిభజనకు మంచి మార్కులు వచ్చాయనీ, వచన కవితకు ఛందస్సుతో పనిలేదనీ రాశావు. కాగితం మీద గురువులకూ లఘువులకూ గుర్తులు పెట్టడం నేర్పి వదిలేశారు నీకు. చెవికి ఎవరూ నేర్పలేదు. 'దేశమును ప్రేమించుమన్నా' బడిలో పాడే ఉంటావు. వేళ్ల మీద లెక్కపెట్టు: మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. గురజాడ వాడుకమాటను ఆ నడకలో నడిపించాడు గనకనే వందేళ్లు దాటినా పిల్లల నోట ఆడుతోంది. మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీ 1928లో 'ప్రభవ' పేరుతో పద్యాలు అచ్చువేశాడని నీకు తెలుసు. పద్యం చెవిలో నిండాకే దాన్ని వదిలాడు. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించేదాకా వేమన పద్యాలు తాటాకుల మీదా జనం నోళ్లలోనూ బతికాయి. చదువురాని వాళ్లు కూడా వాటిని నోట నిలుపుకున్నారంటే ఆటవెలది నడక వల్లే.

నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఒక ఉగాది కవిసమ్మేళనంలో నేను ముప్పై ఏడో కవిని. మనిషికి మూడు నిమిషాలు. చదివినవాళ్లు చదివినట్టే శాలువాలు తీసుకుని వెళ్లిపోతున్నారు. నా పేరు పిలిచేసరికి రాత్రి తొమ్మిది దాటింది. కాగితం విప్పగానే కరెంటు పోయింది. నా కవిత, నేను రాసిన కవిత, నాలుగు పాదాలకు మించి నాకు రాలేదు. చీకట్లో అలాగే నిలబడ్డాను. వెనక వరుసలోంచి ఎవరో పెద్దాయన 'లావొక్కింతయు లేదు' ఎత్తుకున్నాడు. ఇంకో గొంతు కలిసింది, తర్వాత మరొకటి. దీపాలు వెలిగేదాకా గజేంద్రమోక్షం సాగింది. మర్నాటి నుంచి నా కవితలు ఒక్కొక్కటే నాకు నేను అప్పజెప్పుకున్నాను. నోటికి రానివి తీసేశాను. యాభై నాలుగు ఇరవై తొమ్మిదయ్యాయి.

అవి అచ్చుకు ఇచ్చింది సీసపు అక్షరాల కాలంలో. కంపోజిటరు శతకాలూ భజన కీర్తనలూ కూర్చి కూర్చి పండిన మనిషి. కేసులోంచి అక్షరాలు ఏరి పేరుస్తూ పెదవులతో గొణుక్కునేవాడు. ఒక సాయంత్రం ఆగి, 'ఇక్కడ ఏదో మాట పడిపోయినట్టుంది, చూసుకోండయ్యా' అన్నాడు. రాతప్రతి చూపించాను, ఏదీ పడిపోలేదు. ఇంటికెళ్లి గట్టిగా చదివితే మూడో పాదం కుంటుతోంది. ఆయనకు ఛందస్సు తెలియదు, వినడం తెలుసు. అదే కవితను అంతకుముందు వేసిన ఒక వారపత్రిక సంపాదకుడు 'తరవాణి' కొట్టేసి 'గంజి' అని పెట్టాడు, పాఠకులకు అర్థం కాదని. కుండలో పులిసిన తరవాణి పులుపు గంజికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పటికీ ఆ మార్పును క్షమించలేకపోతున్నాను. నీ మాటను మార్చనివ్వకు, కవిత వెనక్కి వచ్చినా సరే.

అయిదు వందల ప్రతులు వేస్తానన్నావు. నేనూ అంతే వేశాను. సభలో వంద పంచాను, పుస్తకాల షాపుల్లో పెట్టిన వాటికి డబ్బు రాలేదు, మిగిలినవి పన్నెండేళ్లు అటక మీద ఉన్నాయి. అప్పు చేసి వేయకు. మహాప్రస్థానం గీతాలు చాలావరకు 1930లలో రాసినవి, పుస్తకమైంది 1950లో. తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' ఆయన పోయిన రెండేళ్లకు, 1968లో వచ్చింది. ఈ ఉగాది కాకపోతే ఇంకో ఉగాది. హాలుకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు.

రోజూ తెల్లవారి పోతనవో తిక్కనవో పది పద్యాలు గట్టిగా చదువు. అర్థం తర్వాత చూసుకోవచ్చు. నలభై ఒకటో పేజీ కవితను చివరి ఆరు పాదాలు కొట్టేసి, చేత్తో మళ్లీ రాసి పంపు. సాయంత్రం ఆరు దాటాక ఫోను చేసి, కాగితం చూడకుండా చెప్పు, వింటాను.

అమ్మకు ఆ కవిత వినిపించావో లేదో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంకా వినిపించకపోతే ఈ రోజే వినిపించు. విని ఆమె ఏమందో, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి.

ఆశీస్సులతో.