జగ్గు వాయిస్తే నవ్వెందుకు?

ప్రశ్న: ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒకాయన పెద్ద మట్టి కూజాలాంటిది మూతి దగ్గర పెట్టుకుని ఊదుతున్నాడు, పక్కన ఒకావిడ బట్టలు రుద్దే గరుకు రేకు మీద వేళ్లతో గీకుతోంది. మా నాన్నగారు చూసి ‘ఇది సర్కస్’ అని నవ్వేశారు. నాకు మాత్రం బాగా నచ్చింది. ఇది నిజంగా సంగీతమేనా?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: సంగీతమే, అనుమానం పెట్టుకోకండి. కచేరీలో ఘటం వాయిస్తుంటే మీ నాన్నగారు నవ్వుతారేమో అడగండి, అదీ కుండే కదా. మీరు చూసినదాన్ని జగ్ బ్యాండ్ అంటారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో 1900ల మొదట్లో నల్లజాతి కళాకారులు దీన్ని పైకి తెచ్చారు. పాట కింద ఒక బరువైన మంద్ర స్వరం నడవాలి, దానికి పెద్ద బేస్ వాద్యం కొనే డబ్బు లేదు, ఎదురుగా ఖాళీ విస్కీ జగ్గు ఉంది. దాంతోనే ఆ పని చేయించారు.

చాలామంది జగ్గులోకి గాలి ఊదితే సరిపోతుందనుకుంటారు. అలా కాదు. మూతికి పెదాలు ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకుని, పెదాలు బిగించి బుర్రుమనిపించాలి, ఆ చప్పుడు లోపలి ఖాళీలో పెద్దదై బయటికొస్తుంది. స్వరం పైకీ కిందకీ మార్చేది పెదాల బిగింపే. నేను మొదట ఖాళీ అయిన ఆవకాయ జాడీతో ప్రయత్నించాను, దాని మూతి మరీ వెడల్పు, పలకలేదు. తర్వాత అయిదు లీటర్ల నూనె క్యాన్ పట్టుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఒక్క స్వరం నిలబడింది, క్యాన్ గోడ అరచేతిలో సన్నగా అదరడం తెలిసింది. అప్పటినుంచి జగ్గు వాయించేవాళ్లంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది, ఒక్క స్వరానికే మూడు రోజులు పడితే పాటంతా తాళం తప్పకుండా లాగడం ఎంత కష్టమో ఆలోచించండి.

అమెరికాలోనే మెంఫిస్ నగరానికి వచ్చేసరికి ఈ సంగీతంలో బ్లూస్, అంటే అక్కడి నల్లజాతివాళ్లు తమ కష్టాలూ కోరికలూ పాడుకునే బాణీ, బాగా కలిసింది. విల్ షేడ్ నడిపిన మెంఫిస్ జగ్ బ్యాండ్ 1927లో రికార్డులివ్వడం మొదలుపెట్టింది, మరుసటి ఏడాది గస్ కానన్ బృందం వచ్చింది. కానన్ చేతుల్లో బాంజో (తోలు బిగించిన గుండ్రటి తీగల వాద్యం) ఉండేది, మెడకి తగిలించిన పట్టీలో జగ్గు బదులు కిరోసిన్ డబ్బా ఉండేది, రెండూ ఒకేసారి వాయించేవాడు. 1929లో ఆయన బృందం రికార్డు చేసిన ‘వాక్ రైట్ ఇన్’ పాటని 1963లో వేరే బృందం పాడితే అమెరికా అంతటా మొదటి స్థానానికి వెళ్లింది. అంతకుముందు చలికాలంలోనే ఆ పెద్దాయన ఇల్లు వెచ్చగా ఉంచుకునే ఖర్చుకి డబ్బు లేక తన బాంజో తాకట్టు పెట్టుకున్నాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఈ పాత బ్లూస్ పిచ్చిలో పడ్డాడు. అన్నీ గరగరమనే పాత రికార్డులే వింటున్నాడు. ఇప్పుడు బతికున్నవాళ్లెవరూ వాయించడం లేదా?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: బోలెడంతమంది ఉన్నారమ్మా, అందులో కుర్రవాళ్లూ ఉన్నారు. మొదట డామ్ ఫ్లెమన్స్‌ని వినమనండి. బాంజో, గిటార్, హార్మోనికా (మౌత్ ఆర్గాన్), ఎముకలతో వేసే తాళం, జగ్గు, అన్నీ వాయిస్తాడు. అతను, రియానన్ గిడెన్స్, జస్టిన్ రాబిన్సన్ కలిసి 2005లో కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే బృందం పెట్టారు. పెట్టేముందు వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం: నార్త్ కరోలినాలో జో థాంప్సన్ అనే ఎనభై దాటిన ఫిడేలు విద్వాంసుడి ఇంటికి వారం వారం వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఆయన విల్లు ఎలా కదిపితే అలా కదుపుతూ నేర్చుకున్నారు. మన గురువుల ఇళ్లలో పిల్లలు నేర్చుకున్నట్టే. తర్వాత ఆ బృందానికి గ్రామీ వచ్చింది, గిడెన్స్‌కి 2023లో ఒక ఒపెరాకి (మొత్తం పాటల్లోనే నడిచే నాటకం) పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది.

జెరాన్ పాక్స్టన్ ఇంకొకరు, 1989లో పుట్టాడు. వాయిస్తుంటే 1920ల మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. జార్జియా నుంచి జాంటేవియస్ విల్లిస్ 1996లో పుట్టినవాడు, మీ అబ్బాయికి అన్న వయసు ఉంటుందేమో. పెద్దవాళ్లలో జిమ్మీ డక్ హోమ్స్‌ని తప్పక వినాలి. మిసిసిపీలోని బెంటోనియా ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలు 1948లో తెరిచిన బ్లూ ఫ్రంట్ కెఫేని ఆయన నడుపుతూ వచ్చారు. ఆ ఊరి బాణీ వేరు, గిటార్ తీగల్ని మైనర్ శ్రుతిలో, అంటే దిగులుగా వినిపించేలా, పెట్టి వాయిస్తారు, రాత్రి పూట ఒంటరిగా వింటే ఒళ్లు జలదరిస్తుంది. జగ్గు కోసమే అయితే లూయివిల్‌లో చాలా ఏళ్లు ఏటా ఒక జగ్ బ్యాండ్ ఉత్సవం పెడుతూ వచ్చారు.

ఒక్క మాట, అబ్బాయి గరగరమనే రికార్డులు వింటున్నందుకు దిగులు పడకండి. పైన చెప్పిన కుర్రవాళ్లకీ ఆ రికార్డులే పాఠాలు.

ప్రశ్న: రేకు టబ్బుతో బేస్ చేస్తారట. ఇంట్లో చెయ్యొచ్చా?
– వెల్డర్, గాజువాక

జవాబు: మీ చేతికి అది గంట పని. ఇనప రేకు టబ్బు బోర్లించి అడుగు మధ్యలో చిన్న చిల్లు పెట్టండి, గట్టి నైలాన్ తాడు దూర్చి లోపల వాషర్‌కి ముడి వెయ్యండి, రెండో కొస ఒక కర్ర పై చివర కట్టండి. కర్ర కింది చివర గాడి కోసి టబ్బు అంచు మీద కూర్చోబెట్టండి. కాలితో టబ్బుని తొక్కిపట్టి కర్రని వెనక్కి లాగితే తాడు బిగిసి స్వరం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అంచు కింద ఒకవైపు చిన్న చెక్కముక్క పెట్టి పైకెత్తండి, లేకపోతే శబ్దం లోపలే ఉండిపోతుంది.

అసలు మీరు గాజువాకలో ఉండి ఇది అడిగారంటే నాకు జముకే గుర్తొస్తోంది. మన ఉత్తరాంధ్రలో గ్రామదేవత పండగలకి జముకుల కథ చెప్తారు చూడండి, వాళ్ల చంకలో ఉండే వాద్యం కూడా ఇదే కిటుకు: ఒకవైపు తోలు, తోలు మధ్య నుంచి తీగ, లాగితే ఒక స్వరం, వదిలితే ఇంకోటి. అమెరికా వాళ్లు మనల్ని చూసి నేర్చుకోలేదు, మనం వాళ్లని చూసి నేర్చుకోలేదు. టబ్బు చేసేముందు ఒకసారి జముకు వాయించే తాతల దగ్గర కూర్చుని ఎడమచెయ్యి ఎలా లాగుతుందో దగ్గరగా గమనించండి, ఆ లాగడమే మీరు కర్రతో చెయ్యాల్సింది. టబ్బు పలికాక రికార్డు చేసి పంపండి, నేను వినాలి.