ఐబీఎస్‌కి 200 రకాల ఫుడ్ టెస్ట్ ప్యాకేజీ అవసరమా?

ఐబీఎస్‌తో (పేగులో జబ్బేమీ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల్లాంటివి వేధించే సమస్య) అవస్థపడుతున్నానని, నెల కిందట చపాతీ మానేశానని, 200 రకాల ఆహారాలకు యాంటీబాడీలు చూసే ప్యాకేజీ చేయించుకోమని ల్యాబ్ వాళ్లు అంటున్నారని రాశారు. నన్నడిగితే ఆ ప్యాకేజీ వద్దు. మీకు ముందు కావలసింది గోధుమ పడని సీలియాక్ జబ్బును పట్టే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు టోటల్ ఐజీఏ (ఐజీఏ రకం యాంటీబాడీ ఒంట్లో మొత్తం ఎంతుందో చూసేది).

మా తమ్ముడిదీ ఇదే గోల. తినీ తినగానే ఉబ్బరం, బాత్‌రూమ్‌కి పరుగు. వాడు ఆ ప్యాకేజీ చేయించుకుంటే రిపోర్టులో పెరుగు, గుడ్డు, కందిపప్పు, గోధుమ ఎరుపులో వచ్చాయి. కాడ్ చేప, క్రాన్‌బెర్రీ ఆకుపచ్చలో! రోజూ తినేవన్నీ ఎరుపు, జన్మలో ముట్టనివన్నీ ఆకుపచ్చ. గ్యాస్ట్రో డాక్టర్ చూసి, "ఇది నువ్వు తినేవాటి జాబితా, పడనివాటిది కాదు" అన్నారు. ఆ ప్యాకేజీ చూసేది ఐజీజీ రకం యాంటీబాడీ. అది ఉందంటే ఆ ఆహారం ఒంటికి పరిచయమని అర్థం, అంతే. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ టెస్టు మీద ఆధారపడొద్దని చెప్పింది. ఈలోపు వాడు పప్పూ పెరుగూ మానేసి చిక్కిపోయాడు.

సీలియాక్ సంగతి వేరు. అది ఆటోఇమ్యూన్ జబ్బు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్తే మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు పొరను దెబ్బతీస్తుంది. పైకి మాత్రం అచ్చం ఐబీఎస్‌లాగే ఉంటుంది. ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర తక్కువే. అయినా విరేచనాలు ఎక్కువగా ఉన్న ఐబీఎస్‌లో ఈ టెస్టు చేయాలని అమెరికా గ్యాస్ట్రో వైద్యుల 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. టోటల్ ఐజీఏ ఎందుకంటే, కొందరికి ఒంట్లో ఐజీఏనే తక్కువ. వాళ్లకు జబ్బున్నా టీటీజీ నార్మల్ అని వచ్చేస్తుంది.

మీ విషయంలో చిక్కు చపాతీ దగ్గరుంది. గోధుమ మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, రిపోర్టు మోసం చేస్తుంది. డాక్టర్‌తో మాట్లాడి, కనీసం ఆరు వారాలు రోజూ ఒకటికి మించిన పూటల్లో గోధుమ తిని అప్పుడు రక్తం ఇవ్వండి. పాజిటివ్ వచ్చినా ఎండోస్కోపీ, బయాప్సీ అయ్యేదాకా మానొద్దు. (ఆ తర్వాత మానాల్సి వస్తే ఇంగువ డబ్బా మీద కూడా చదవండి, చాలావాటిలో మైదా కలుస్తుంది.) మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలో లేచి వెళ్లాల్సి రావడం ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే చూపించుకోండి.

మా వాడికి టీటీజీ నార్మల్. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ కూడా నార్మల్, అంటే పేగులో వాపు లేనట్టే. చివరికి బ్రెత్ టెస్టులో పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగడం లేదని తేలింది. అది ఎంజైము లోపం, ఏ యాంటీబాడీ టెస్టులోనూ కనపడదు. ఇప్పుడు పాలు మానేసి, ఉల్లి, వెల్లుల్లి తగ్గించాడు. తోడుకుంటే లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి పెరుగు మాత్రం రెండు పూటలా హాయిగా తింటున్నాడు.