క్యాజువాలిటీకి వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వార్డు డ్యూటీ ఇస్తామంటే వద్దని, అడిగి మరీ క్యాజువాలిటీ వేయించుకున్నావట. మోకాలు గీరుకుంటేనే వీధంతా వినపడేట్టు ఏడ్చిన పిల్లవి! మీ పెదనాన్నకి రెండుసార్లు చెప్పాను, పక్కింటావిడకి ఒకసారి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాలినవాళ్లు వస్తే ఏ, బీ, సీ, డీ, ఈ వరసలో (ఊపిరి దారి, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఒళ్లంతా విప్పి చూడ్డం) చూడాలని నీకు నేను చెప్పక్కర్లేదు. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు మాడినా, ఉమ్మిలో మసి కనబడినా డాక్టర్‌ని వెంటనే లాక్కురా. గొంతులో వాపు పెరిగాక ఊపిరి ట్యూబు దిగదు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వేళ్లు ఉబ్బకముందే తియ్యి. వద్దని ఏడుస్తారు, అయినా తియ్యి. ఇంకు, టూత్‌పేస్టు పూసుకుని వస్తారు. తిట్టకు, కడుగు. ఆర్.ఎల్. సెలైన్ 24 గంటల లెక్కలో మొదటి సగం ఎక్కాల్సిన 8 గంటలు కాలినప్పటి నుంచి, నీ దగ్గరికి వచ్చినప్పటి నుంచి కాదు. 3 గంటలు ఆటోలో వచ్చినవాడికి నీ చేతిలో మిగిలేది 5 గంటలే.

ఇప్పుడు నేను చేసిన తప్పు విను. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

దీపావళి రాత్రి. ఇరవయ్యేళ్ల కుర్రాడు, చిచ్చుబుడ్డి పేలి కుడిచెయ్యి, కుడివైపు ఛాతీ కాలాయి. అరచేతికి ఇంకా వెండి రంగు మందు అంటుకునే ఉంది. కాలినవైపు చొక్కా కత్తిరించాను. ఎడమవైపు బాగానే ఉంది కదా అని వదిలేశాను. కొత్త చొక్కా, పండక్కి కుట్టించుకున్నది. పాడుచెయ్యబుద్ధి కాలేదు, అంతే. నాడి 130 ఉంటే నొప్పి అనుకున్నాను. "దాహం సిస్టర్" అంటే కాలినవాళ్లంతా అడిగేదే కదా అనుకున్నాను. డ్రెస్సింగ్ చక్కగా చేశాను, దాన్ని చూసి మురిసిపోయాను కూడా.

బీపీ పడింది. కాలినంత మాత్రాన మొదటి గంటలోనే బీపీ పడదమ్మా. పడిందంటే రక్తం ఇంకెక్కడో పోతోందని. డ్యూటీ డాక్టర్ వచ్చి మిగిలిన సగం చొక్కా లాగితే ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యంత కమిలిన మచ్చ. మంటలు అంటుకోగానే డాబా మీంచి దూకేశాడట. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఎడమ పక్కటెముకల కిందుండే ప్లీహం చితికి, లోపలే రక్తం పోయింది. థియేటర్ బల్ల మీదే పోయాడు.

ఆ చొక్కా వాళ్లమ్మకి నేనే మడిచి ఇచ్చాను. సగమే మడత పడింది.

అందుకే చెప్తున్నా, బట్టలన్నీ కత్తిరించు. పట్టుచీరైనా సరే. నలుగురు పట్టి జాగ్రత్తగా ఒత్తిగిలించి వీపు చూడు, చూశాక దుప్పటి కప్పు, చలికి వణకనివ్వకు. "దూకారా, పడ్డారా, పేలుడుకి ఎగిరిపడ్డారా" అని నోరు తెరిచి అడుగు.

ఇంకొకటి. ఆడపిల్ల కాలి వస్తే, ఎలా కాలిందని అడిగేటప్పుడు పక్కన మొగుడూ అత్తా ఉండకూడదు. "స్టవ్ పేలింది" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో గమనించు. ఆమె ఏం చెబితే అదే, ఆమె మాటల్లోనే కేస్‌షీట్‌లో రాయి. వాంగ్మూలం తీసుకోడానికి మేజిస్ట్రేట్ వచ్చేసరికి ఆమె మాట్లాడగలిగే స్థితిలో ఉండకపోవచ్చు.

మొదటి జీతంతో నాకు చీర కొనకు, బీరువాలో చోటు లేదు. జారని చెప్పులు కొనుక్కో. నైట్ డ్యూటీకి తినకుండా వెళ్లావని తెలిస్తే ఊరుకోను. తెల్లారి దిగాక ఫోన్ చెయ్యి, ఐదింటికే లేచి ఉంటాను.

మీ పెద్దమ్మ