పాఠకుల ప్రశ్నలు: ధారావాహికలో మొగలు రాణులు

గత నెల ఈ శీర్షికలో, మొగలు రాజవంశం కథతో ప్రసారమవుతున్న అనువాద ధారావాహిక గురించి ఒక పాఠకురాలు అడిగితే, అందులో అక్బరు భార్య రుకయ్యా బేగంకు అన్యాయం జరిగిందని ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఊరుకున్నాను. ఆ ఒక్క వాక్యానికి చెన్నైలోని తెలుగు ఇళ్ల నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, వాటిలో కొన్నింటికి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు, నేను, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి కలిసి ఆ ధారావాహిక చూస్తాము. అక్బరు భార్య పేరు జోధా కానే కాదని, కాబట్టి కథంతా కల్పితమేనని మా అమ్మాయి వాదిస్తుంది. పేరు తప్పయినంత మాత్రాన మనిషే లేకుండా పోతుందా అని అత్తగారు కోప్పడతారు. ఎవరి మాట సరైనది? – ఒక గృహిణి, మైలాపూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పిన విషయం సరైనదే అమ్మా, కానీ మీ అత్తగారి ప్రశ్న అంతకన్నా విలువైనది. అంబర్ రాజు భార్మల్ కుమార్తెను అక్బరు 1562లో సాంభర్ దగ్గర వివాహం చేసుకున్నాడు. ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాసిన అక్బర్‌నామాలో ఆమె ప్రస్తావన ఉంది గానీ జోధా అనే పేరు లేదు. 1569లో సలీం, అంటే తరువాతి జహంగీరు, పుట్టిన తరువాత ఆమె పేరుగా నిలిచినది మరియం ఉజ్ జమానీ అనే బిరుదు. జోధ్ బాయి అనే పేరు జోధ్‌పూర్ ఆడపడుచు జగత్ గోసాయికి చెల్లుతుంది. ఆమె జహంగీరు భార్య, షాజహాను తల్లి. అంటే కోడలి పేరు అత్తగారికి అంటుకున్నదన్న మాట. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ టాడ్ రాతల తరువాత ఈ పొరపాటు బాగా వ్యాపించింది.

అయితే పేరు సరిదిద్దినంత మాత్రాన ఆమెకు న్యాయం జరిగిపోదు. ధారావాహికలో ఆమె చేసే పనులేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. పూజ చేస్తుంది, అలుగుతుంది, సవతులు పన్నిన కుట్రలలో చిక్కుకుంటుంది, చివరికి పాదుషా క్షమాపణ కోరితే కన్నీళ్లు తుడుచుకుంటుంది. చరిత్రలోని మరియం ఉజ్ జమానీకి సముద్రం మీద తిరిగే సొంత ఓడలుండేవి. ఆమె మనుషులు ఆగ్రా దగ్గరి బయానా పట్టణంలో నీలిమందు బేరం చేస్తుంటే, ఒక ఆంగ్లేయ వర్తకుడు ఎక్కువ ధర పెట్టి ఆ సరుకు కొనుక్కుపోయినందుకు దర్బారులో ఆంగ్లేయులకు మాట దక్కడమే కష్టమయింది. సూరత్ నుంచి ఎర్ర సముద్రం వైపు యాత్రికులతో, సరుకులతో వెళ్లివచ్చే ఆమె ఓడ రహీమీని 1613లో పోర్చుగీసువారు పట్టుకున్నప్పుడు, జహంగీరు దానిని రాజ్యానికే జరిగిన అవమానంగా భావించి పోర్చుగీసువారి దమన్ మీదికి సైన్యాన్ని పంపాడు. లాహోరులో ఆమె పోషణతో కట్టిన మసీదు నేటికీ ఉంది. ఒక ధరల చిట్టా ముందు పెట్టుకుని గుమాస్తాను నిలదీస్తున్న రాణిని ఒక్క ఎపిసోడులోనైనా చూపించి ఉంటే, ఆమెను జోధా అని పిలిచినా నేను పట్టించుకునేవాణ్ణి కాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: రుకయ్యా బేగం పాత్ర వేసిన నటి చాలా బాగా నటించింది. ఆమె లేకపోతే కథే ముందుకు నడవదు. విలన్ లేకుండా ధారావాహిక ఎలా సాధ్యం? మీరు ఆ పాత్రను తప్పుపట్టడం సమంజసం కాదని మా కాలేజీ మిత్రులందరి అభిప్రాయం. – ఒక విద్యార్థిని, పెరంబూరు

జవాబు: నటి గురించి నాకూ అదే అభిప్రాయం. కనుబొమ ఒక్కటి కదిపి ఎదుటి మనిషిని నిలబెట్టగల నటి ఆమె. నా అభ్యంతరమంతా ఆ కనుబొమకు అప్పగించిన పని గురించే.

రుకయ్యా అక్బరు మొదటి భార్య. హుమాయూను తమ్ముడు హిందాల్ కుమార్తె, అంటే అక్బరుకు చిన్నాన్న కూతురు. ఆమెకు సంతానం కలగలేదు. రచయితలు ఈ ఒక్క వాస్తవాన్ని పట్టుకుని, పిల్లలు లేని స్త్రీ కాబట్టి అసూయ, అసూయ ఉంది కాబట్టి విషప్రయోగం అని లెక్క కట్టేశారు. పిల్లలు లేని ఆడవారిని శుభకార్యాలలో వెనక్కి నెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. అలాంటప్పుడు రోజూ రాత్రి అదే భావాన్ని మొగలు నగలు తొడిగి చూపించడం నాకు బాధ కలిగిస్తుంది. నిజానికి ఏం జరిగిందంటే, సలీం కొడుకు ఖుర్రం 1592లో పుట్టినప్పుడు, అక్బరు ఆ పసిబిడ్డను రుకయ్యా చేతికే పెంపకానికి ఇచ్చాడు. ఆమె ఆ పిల్లవాణ్ణి కన్నబిడ్డ కన్నా వేయి రెట్లు ఎక్కువగా ప్రేమించిందని జహంగీరు తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. సవతి మనవడిని అలా సాకి షాజహానుగా మనకు అందించిన స్త్రీ ఆమె. 1626లో ఆమె మరణించాక, కాబూల్‌లో బాబరు తోటలో, తండ్రి హిందాల్ సమాధికి దగ్గరగా ఆమెను ఖననం చేశారు.

విలన్ లేకుండా ధారావాహిక ఎలా అన్నారు. అక్బరు కాలంలో సంఘర్షణకు కరువు లేదమ్మా. తండ్రి మీద తిరగబడి అలహాబాదులో సొంత దర్బారు పెట్టిన సలీం ఉన్నాడు. 1602లో అబుల్ ఫజల్‌ను అతడే చంపించాడు. కొడుకు తన ప్రాణస్నేహితుణ్ణి చంపించాడని తెలిసిన తండ్రికి, ఆ కొడుక్కి మధ్య మాట కలపడానికి 1603లో అలహాబాదుకు బయలుదేరినది సలీమా సుల్తాన్ బేగం. ఆమె మొదట, అక్బరు చిన్నతనంలో రాజ్యాన్ని నడిపిన సంరక్షకుడు బైరాం ఖాను భార్య; అతడు హతుడయ్యాక అక్బరును వివాహమాడింది. కన్నతల్లి కాకపోయినా సలీంను ఒప్పించి వెంటబెట్టుకు వచ్చింది. ఆ ప్రయాణం ఒక్కటే పది ఎపిసోడ్లకు సరిపోతుంది. మీ ధారావాహికలో సలీమా బేగం ఏం చేస్తుందో గమనించారా? రుకయ్యా వెనకాల నిలబడి తల ఊపుతుంది.

ఆమె గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. సలీమా మఖ్ఫీ అనే కలంపేరుతో పారశీకంలో కవిత్వం రాసింది. రాజగ్రంథాలయం నుంచి ఒక పుస్తకం కనబడకుండా పోతే ఆమె దానిని అడుగుతూనే ఉన్నదని, ఆ కారణంగా తన భరణానికే ముప్పు వచ్చిందని చరిత్రకారుడు బదాయూనీ వాపోయాడు. కావలసిన పుస్తకం కోసం ఒక పండితుణ్ణి అంతలా వెంటాడిన రాణి నాకు ఎంతో ఇష్టం.

ప్రశ్న: మాహమ్ అంగా అక్బరుకు పాలిచ్చి పెంచిన తల్లి కదా. ఆమెను అంత దుర్మార్గురాలిగా చూపించడం కూడా రచయితల కల్పనేనా? – ఒక పాఠకుడు, కోడంబాకం

జవాబు: ఇక్కడ రచయితలు పూర్తిగా తప్పు చేశారని అనలేను. ఆమె కొడుకు ఆధమ్ ఖాన్ 1561లో మాళవాన్ని జయించి, దోపిడీ సొమ్మును, అక్కడి సుల్తాను బాజ్ బహదూర్ అంతఃపుర స్త్రీలను తనే అట్టిపెట్టుకున్నాడు. అక్బరు స్వయంగా అక్కడికి వెళ్లి లెక్క అడిగాక కూడా ఆధమ్ ఇద్దరు స్త్రీలను దాచాడని, వారు నోరు విప్పకుండా మాహమ్ అంగా వారిని చంపించిందని అబుల్ ఫజల్ రాశాడు. కాబట్టి ఆమె సాత్వికురాలేమీ కాదు. కానీ ఢిల్లీ పురానా ఖిలాకు ఎదురుగా ఖైరుల్ మనాజిల్ మసీదును, మదరసాను కట్టించినది కూడా ఆమే. బైరాం ఖాను తరువాత రాజ్య వ్యవహారాలను కొంతకాలం చేతిలో పెట్టుకోగలిగిన స్త్రీని, తలుపు చాటు నుంచి తొంగిచూసే మనిషిగా కుదించడమే నాకు నచ్చలేదు.

1562 మే నెలలో జరిగిన సంఘటనను ధారావాహిక చూపిన తీరు గురించి మీరు అడగలేదు గానీ, దానిని చెప్పుకోవాలి. ఆధమ్ ఖాన్ తన మనుషులతో ఆగ్రా కోటలోకి వచ్చి, మంత్రి అతగా ఖానును కచేరీలోనే చంపించాడు. లోపల నిద్రపోతున్న అక్బరు ఆ అలికిడికి లేచి బయటికి వచ్చి, ఒక్క పిడిగుద్దుతో ఆధమ్‌ను పడగొట్టి, కోట మేడ మీది నుంచి కిందికి తోయించాడు. ప్రాణం పోలేదని తెలిసి, మళ్లీ పైకి తెప్పించి రెండోసారి తోయించాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బర్‌నామా ప్రతిలో దీనికి మిస్కిన్, శంకర్ అనే చిత్రకారులు వేసిన బొమ్మ ఉంది. అందులో ఆధమ్ ఖాన్ తలకిందులుగా పడుతుంటాడు. మేడ మీద అక్బరు కనిపిస్తాడు. కింద చచ్చిపడిన మంత్రి, కంగారుగా చేతులెత్తిన జనం.

ఆ తరువాత అక్బరు తానే మాహమ్ అంగా దగ్గరికి వెళ్లి, ఆధమ్ మా అతగాను చంపాడు, మేము శిక్షించాము అని చెప్పాడు. బాగా చేశారు అని మాత్రమే ఆమె అన్నది. నలభై రోజులలో ఆమె కూడా పోయింది. మెహ్రౌలీలో తల్లీకొడుకులకు అక్బరు సమాధి కట్టించాడు. ధారావాహికలో ఈ ఘట్టంలో మాహమ్ అంగా చాలాసేపు అరుస్తుంది, శపిస్తుంది, నేల మీద పడి పొర్లుతుంది, నేపథ్య సంగీతం చెవులు బద్దలు కొడుతుంది. ఆ రెండు మాటలు అనిపించి, కెమెరాను ఆమె ముఖం మీద నిలిపి ఊరుకోగలిగితే, ఆ నటికి జీవితాంతం చెప్పుకునే సన్నివేశం దక్కేది.

ప్రశ్న: మా తరం వారికి అక్బరు అంటే ఎస్వీ రంగారావు గారే. ఈ ధారావాహికలోని సన్నని కుర్రవాణ్ణి పాదుషాగా ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. – ఒక విశ్రాంత ఉద్యోగి, టి. నగర్

జవాబు: 1955 నాటి అనార్కలి చిత్రంలో రంగారావు గారిని చూసినవారికి ఆ రూపం మరపునకు రావడం కష్టమే. కానీ అది ఎదిగిన కొడుకున్న అక్బరు. ఇది పదమూడేళ్ల వయసులో 1556లో సింహాసనమెక్కి, ఇంకా మీసాలు దిద్దుకుంటున్న అక్బరు. కాబట్టి వయసు విషయంలో ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టలేము. తండ్రి రూపాన్ని జహంగీరు వర్ణించాడు: మధ్యస్థమైన పొడవు, గోధుమ వన్నె, నల్లని కళ్లు, విశాలమైన ఛాతీ, పొడవైన చేతులు, ముక్కుకు ఎడమవైపు సగం బఠాణీ గింజంత పులిపిరి, గట్టి గొంతు. నాకు వెలితిగా తోచినది ఆ పులిపిరి కాదు. అక్బరుకు చదవడం, రాయడం రాదు. పుస్తకాలను రోజూ చదివించుకుని వినేవాడు, చదివేవారు ఏ పుట దగ్గర ఆపితే అక్కడ తన కలంతో గుర్తు పెట్టేవాడు, చదివిన పుటలను లెక్కించి వారికి బహుమానం ఇచ్చేవాడు. ధారావాహికలో పాదుషా కత్తి పట్టుకుని వందసార్లు కనిపించాడు గానీ, ఒక పుస్తకం ఎదుట చెవి ఒగ్గి కూర్చున్నది నేను చూడలేదు.

ప్రశ్న: నేను చరిత్ర ఉపాధ్యాయినిని. అక్బరును పూర్తిగా దేవుడిలా చూపిస్తున్నారు. చిత్తోడ్‌ను దాటవేశారు. పిల్లలకు ఏం చెప్పాలి? – అన్నానగర్

జవాబు: రెండూ చెప్పాలి. 1563లో యాత్రికుల పన్నును, 1564లో ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్నును రద్దు చేసినవాడు ఆయనే. 1568 ఫిబ్రవరిలో మేవాడ్ రాజపుత్రుల చిత్తోడ్ కోట పడ్డాక సామూహిక వధకు ఆజ్ఞ ఇచ్చినవాడూ ఆయనే. ఆ రోజు సుమారు 30,000 మంది చనిపోయారని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజలే రాశాడు. సొంత ఆస్థానం దాచని విషయాన్ని నాలుగు వందల యాభై ఏళ్ల తరువాత మన ధారావాహిక దాచవలసిన అవసరం లేదు. అదే విధంగా, 1576లో హల్దీఘాట్ దగ్గర అక్బరు సైన్యాన్ని నడిపినది రాజపుత్రుడు మాన్‌సింగ్ అని, రాణా ప్రతాప్ పక్షాన పోరాడినవారిలో అఫ్ఘాన్ ముస్లిం హకీం ఖాన్ సూర్ ఉన్నాడని చెప్పండి. తరగతిలో ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

ప్రశ్న: అనార్కలి నిజమేనా? – వేళచ్చేరి

జవాబు: అక్బరు, జహంగీరు ఆస్థాన చరిత్రలలో ఆమె లేదు. లాహోరులో ఆమె పేరిట సమాధి ఉంది.

ప్రశ్న: ధారావాహిక చూశాక మొగలు స్త్రీల గురించి నిజంగా చదవాలనిపించింది. దేనితో మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: గుల్‌బదన్ బేగం రాసిన హుమాయూన్‌నామాతో మొదలుపెట్టండి. ఆమె బాబరు కూతురు, అక్బరుకు మేనత్త. బాబరు, హుమాయూనుల గురించి గుర్తున్నవి రాయమని అక్బరే ఆమెను కోరాడు. 1902లో అనెట్ బెవరిడ్జ్ చేసిన ఆంగ్లానువాదం ఉంది. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో అడిగి చూడండి. చిన్న పుస్తకం, ఇంట్లో పెద్దావిడ కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. ఎవరి పెళ్లికి ఏం ఇచ్చారు, దారిలో ఏం తిన్నారు, ఏ బిడ్డ పోయినప్పుడు ఎవరు ఏడ్చారు, అన్నీ ఉంటాయి.

అందులో అక్బరు తల్లి హమీదా బాను పెళ్లి ముచ్చటను తప్పక చదవండి. హుమాయూను అడిగించినా ఆమె నలభై రోజులు ఒప్పుకోలేదు. ఎప్పటికైనా ఎవరినో ఒకరిని చేసుకోవాలి కదా, పాదుషా కన్నా మంచివాడు ఎవరు దొరుకుతాడు అని పెద్దలు నచ్చజెప్పబోతే, నా చెయ్యి ఎవరి మెడపట్టీని అందుకోగలదో అతణ్ణే చేసుకుంటాను గానీ, అంగీ అంచు కూడా అందనివాణ్ణి చేసుకోను అన్నదట ఆ అమ్మాయి.