పొరుగు దేశానికి పశువులు పంపుదామనుకునే అల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఆవులు, ఎడ్లు లైసెన్సు లేకుండా దేశం దాటవు. బంగ్లాదేశ్ వైపు ఇన్నాళ్లూ నడిచింది చాలావరకు దొంగదారి బేరమే. 2014 తర్వాత సరిహద్దు బిగించేసరికి వాళ్లే ఇంటింటా మేపుకుని బక్రీదుకు సరిపడా పెంచుకుంటున్నారు. ఆ గిరాకీ మళ్లీ వస్తుందని అప్పు తేకు.

దర్జాగా కాగితాలతో నడిచే చోటా ఇదే తంతు. మెక్సికో నుంచి అమెరికాకు మామూలు ఏడాదిలో 10 లక్షలకు పైగా దూడలు వెళ్లేవి. బతికున్న కండను తొలిచే ఒక ఈగ పురుగు భయంతో 2025 మేలో అమెరికా ఆ దారి మూసింది. జులై 7న ఒక్క గేటు తెరిచి, 9న మళ్లీ మూశారు. గేటు మూసినా దూడలకు మేత ఆపలేం కదా! ఇకముందు రోగం లేదని రుజువు చూపగలిగినవాడిదే ఈ వ్యాపారం. ఆ పని ముందు మన రాష్ట్రాల మధ్య పాడి పశువులతో నేర్చుకో.

సంతలో పొదుగు చూసే ముందు నోరు తెరిపించు. నాలుక మీద, చిగుళ్ల మీద పొక్కులు, గిట్టల మధ్య పుండు కనిపిస్తే గాలికుంటు అనుకో. ఎండకి చొంగ కారుస్తోందని దలారి అంటాడు, వినకు. చెవి ట్యాగ్ మీది 12 అంకెలు రాసుకుని టీకా ఎప్పుడు వేశారో పశువుల డాక్టరు దగ్గర చూపించుకో. టీకా పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొన్నవాటిని 21 రోజులు విడిగా కట్టు. తొట్టి వేరు, బకెట్టు వేరు, వీలైతే పాలు పితికే మనిషీ వేరు. మేత ఖర్చుకి జడిసి ఈ 21 రోజుల్లో ఓ వారం తగ్గించేసినవాళ్లే మంద మొత్తానికి రోగం అంటించుకుంటారు.

లారీకి 6 పశువులకు మించకూడదని 1978 నాటి రవాణా నిబంధన. డాక్టరు సర్టిఫికెట్టు, తోడు ఒక మనిషి తప్పనిసరి. నేల మీద కొబ్బరిపీచు చాప వెయ్యి. ఉత్త గడ్డి పరిస్తే మూత్రానికి తడిసి జారుతుంది, పడిన పశువు పక్కవాటి కాళ్లకింద నలుగుతుంది. తలలు ఇంజను వైపు ఉంచు. నెలలు నిండిన చూడిపశువుని ఎక్కించనేవద్దు. మన ఉక్కపోతకి పొద్దువాలాకే బయల్దేరు.

దించగానే దాణా పొయ్యకు, పొట్ట చెడుతుంది. ముందు నీళ్లు, తర్వాత ఎండుగడ్డి. దాణా మూడు రోజుల్లో మెల్లగా పెంచు. ప్రయాణం బడలికకి పాలు తగ్గుతాయి, కొన్నవాడికి ఆ మాట బేరంలోనే చెప్పెయ్యి.

మావయ్య