విదేశీ ఉద్యోగానికి బయలుదేరే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకూ ఆగ్నేయాసియాకూ పనికి వెళ్లేవారి ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. పేర్లు వేయవద్దని కోరినందువల్ల మండలం పేరు మాత్రమే ఇస్తున్నాం.

*ప్రశ్న: నేను పదో తరగతి తప్పాను. రిగ్గర్ పని (క్రేన్లతో బరువులు ఎత్తించే పని) బాగా తెలుసు. సౌదీలో రిఫైనరీ షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ఆపినప్పటి) పని ఉందని, నాలుగు నెలల్లో తిరిగి రావచ్చని పక్క ఊరి ఏజెంటు చెబుతున్నాడు. రూ.1,20,000 అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపుతాడట, అక్కడికి వెళ్లాక కంపెనీ వీసా మారుస్తుందట. వెళ్లవచ్చా? (సోంపేట మండలం)*

జవాబు: ఈ పద్ధతిలో వెళ్లవద్దు. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. అలాంటి పాస్‌పోర్టుతో సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, యూఏఈ, బహ్రెయిన్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు మిమ్మల్ని పిలిపించుకునే యజమాని ఎవరు, జీతం ఎంత, తిండీ వసతీ ఎవరిస్తారు, పని గంటలెన్ని అన్న వివరాలతో ఒప్పంద పత్రం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, బీమా కూడా చేస్తారు. విజిట్ వీసా మీద వెళ్లేవాడు ఉద్యోగానికి వెళుతున్నట్టు లెక్కలోకి రాడు కాబట్టి ఇవేవీ జరగవు. ఏజెంటు ఆ దారి పట్టించడానికి కారణం కూడా అదే. ఈ పరిశీలనకు తట్టుకోగల ఒప్పందం అతని దగ్గర లేదని అర్థం చేసుకోండి. అక్కడికి చేరాక కంపెనీ వీసా మార్చకపోతే, లేదా చెప్పిన జీతంలో సగమే ఇస్తానంటే, ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో కాగితం ఉండదు సరికదా, అనుమతి లేకుండా పని చేసిన నేరం మీ మీదికే వస్తుంది. పని నాలుగు నెలలదైనా, నాలుగేళ్లదైనా వర్క్ వీసా మీదనే వెళ్లాలి.

ఇక డబ్బు సంగతి. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి దగ్గర సేవా రుసుముగా తీసుకోదగిన గరిష్ఠ మొత్తం రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం రూ.35,400. దీనికి రసీదు ఇవ్వాలి. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మీ ఏజెంటును లైసెన్సు నంబరు అడగండి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న పెద్ద ఆఫీసుకు తాను మనిషినని చెబితే, ఆ ఆఫీసుతోనే నేరుగా మాట్లాడండి, డబ్బు దాని బ్యాంకు ఖాతాకే కట్టండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో గుర్తింపు లేదు, ఒకరి లైసెన్సును మరొకరు వాడుకోవడం కుదరదు.

ఇదివరకే మోసపోయిన కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడపడానికి మామూలుగా కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. కానీ ఫిర్యాదు చేసేది వెళ్లిన మనిషో, వెళ్లబోయి మోసపోయిన మనిషో, లేదా అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లో అయితే ఆ అనుమతి అక్కర్లేదని 27వ సెక్షన్‌లోనే ఉంది. అనుమతి రావాలంటూ పోలీసు స్టేషన్‌లో తిప్పి పంపితే ఈ మాట గుర్తుచేయండి.

*ప్రశ్న: ఐటీఐ చేసి వెల్డర్‌గా ఒమన్ వెళుతున్నాను. నా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర లేదు. ప్రభుత్వ బీమా నాకు వర్తిస్తుందా? (రాజాం మండలం)*

జవాబు: ప్రవాసీ భారతీయ బీమా యోజన ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఆ 18 దేశాలకు వెళ్లేవారికి తప్పనిసరి. మీలా పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ అనుమతి అవసరం లేదు కాబట్టి ఆ బీమా దానంతటది రాదు. మన ప్రాంతం నుంచి వెళ్లే వెల్డర్లలో, ఫిట్టర్లలో ఐటీఐ చదివినవారు చాలామంది. చదువుకున్నవాడు తన్ను తాను కాపాడుకోగలడన్న నమ్మకంతో పెట్టిన నియమం ఇది. కానీ ఎండలో చేసే పని, ఇరుకు గదిలో బతుకు చదివినవాడికీ చదవనివాడికీ ఒక్కటే. ఈసీఆర్ లేనివారు కూడా ఈ-మైగ్రేట్‌లో తప్పనిసరిగా నమోదు కావాలని 2018లో కేంద్రం తలపెట్టి, విమర్శలు రావడంతో అమలు చేయకుండానే నిలిపివేసింది. స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలు మాత్రం ఉంది, వెళ్లేముందు ఆ పని చేయండి. దీనితోపాటు ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్రం ఏర్పాటు చేసిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. దానికి ఈసీఆర్ ముద్రతో పని లేదు. షరతులు చదివి, నామినీ పేరు సరిగ్గా రాయించి, పాలసీ ప్రతిని ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

*ప్రశ్న: మా నాన్న రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. మా తమ్ముడికి 27 ఏళ్లు. ఖతార్‌లో స్కాఫోల్డింగ్ (పరంజా కట్టే) పని వచ్చింది. మెడికల్ ఫిట్ అన్నారు. అయినా అమ్మ భయపడుతోంది. పంపవచ్చా? (కవిటి మండలం)*

జవాబు: మీ అమ్మగారి భయంలో న్యాయం ఉంది. ఆమె మాటను తీసిపారేయకండి. వైద్యపరమైన నిర్ణయం కిడ్నీ వైద్యుడే చెప్పాలి. అయితే ఆ వైద్యుడి దగ్గరకు వెళ్లేముందు మీరు తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి.

గల్ఫ్ వీసాకు చేసే వైద్యపరీక్ష క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి జబ్బులు ఉన్నవారు తమ దేశంలోకి రాకుండా చూడడానికి, మనిషి ఆ పనికి పనికొస్తాడా అని తేల్చుకోవడానికి ఆ దేశాలు పెట్టుకున్న ఏర్పాటు. రెండేళ్లపాటు ఎండలో పరంజా ఎక్కితే మీ తమ్ముడి మూత్రపిండాలు ఎలా ఉంటాయన్నది దాని ప్రశ్న కాదు. ‘ఫిట్’ అన్న ముద్ర చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకోవడం సహజమే, కానీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతపు ఇంటికి ఆ ముద్ర చాలదు.

ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో ఎన్నో పరిశోధనలు జరిగినా ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవారిలో, షుగరూ బీపీ లేకపోయినా, మూత్రపిండాలు నెమ్మదిగా దెబ్బతినడం మాత్రం ప్రపంచంలో మరికొన్ని చోట్ల కూడా కనిపించింది. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీల్లో ఇది విస్తారంగా ఉంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నేపాల్ యువకుల్లో కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవారిని అక్కడి వైద్యులు చూస్తూనే ఉన్నారు. చెమట ధారాళంగా పోయి, నీళ్లు సరిగా తాగక, ఒంటి వేడి పెరిగి, అది రోజూ జరుగుతుంటే మూత్రపిండాల మీద ఆ భారం పడుతుంది. ఇంట్లో ఒకరికి జబ్బు ఉన్న కుర్రాడు అలాంటి పనికి వెళుతున్నాడంటే రెండింతల జాగ్రత్త కావాలి.

కాబట్టి బయలుదేరే ముందే మీ పీహెచ్‌సీలోనో సీహెచ్‌సీలోనో కిడ్నీ పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందా అన్న పరీక్ష చేయించి, ఆ కాగితాలతో 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టును (కిడ్నీ వైద్యుడిని) కలవండి. క్రియాటినిన్ మామూలుగా ఉన్నా మూత్రంలో అల్బుమిన్ పోతుంటే అది ముందస్తు హెచ్చరికే. ఫలితం అనుమానంగా ఉంటే ఈ పని మానిపించండి. చేతిలోకి వచ్చిన వీసా వదులుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు, అప్పటికే అప్పు చేసి ఉంటే మరీ కష్టం. అయినా నీడలో చేసే స్టోర్ పనో, వర్క్‌షాప్ పనో దొరికేదాకా ఆగడం మేలు.

ఫలితం బాగుండి వెళితే, అక్కడి చట్టం ఏం చెబుతోందో మీ తమ్ముడికి నోటికి రావాలి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఎండ, ఉక్కపోత, గాలి కలిపి లెక్కగట్టే వెట్ బల్బ్ గ్లోబ్ సూచిక 32.1 డిగ్రీలు దాటితే, ఏ నెలలోనైనా, ఏ వేళలోనైనా పని ఆపాలన్న నియమం 2021 నుంచి ఉంది. వేరే దేశాలకు వెళ్లే పాఠకుల కోసం: సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు 11 నుంచి 4 దాకా ఈ నిషేధం ఉంటుంది.

పనిలో ఉన్నప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి పావు లీటరు నీళ్లు తాగాలి. వైద్యుడు నీళ్లు తగ్గించమని చెప్పినవారికి మాత్రం ఇది వర్తించదు. మూత్రం ముదురు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని గుర్తు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఒళ్లు నొప్పుల మాత్రలు. సాయంత్రానికి నడుం పట్టేసిందని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగడం మన ఊళ్లలోనూ ఉంది, లేబర్ క్యాంపుల్లోనూ ఉంది. ఒంట్లో నీరు తగ్గిన మనిషి ఆ మాత్రలు వేసుకుంటే కిడ్నీకి నేరుగా దెబ్బ. ఊరి నుంచి వెళ్లేవాళ్ల సంచిలో ఆవకాయ జాడీ పక్కన ఆ మాత్రల అట్టలు సర్ది పంపవద్దని ప్రతి ఇంటినీ వేడుకుంటున్నాం. సెలవుకు వచ్చినప్పుడల్లా అవే రెండు పరీక్షలు మళ్లీ చేయించి, పాత కాగితాలతో పోల్చి చూపించండి.

*ప్రశ్న: మా చెల్లికి 26 ఏళ్లు. కువైట్‌లో ఇంటిపని అని, ముందు దుబాయ్ వెళ్లి అక్కడి నుంచి కువైట్ వెళ్లాలని అంటున్నారు. (బొబ్బిలి మండలం)*

జవాబు: ఆపండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళను 30 ఏళ్లు నిండకుండా ఇంటిపనికి పంపడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. 30 నిండినా, 2016 నుంచి ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్ (ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్). యజమాని నేరుగా పిలిపించుకోదలిస్తే మన రాయబార కార్యాలయంలో 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ఇవన్నీ తప్పించుకోవడానికే దుబాయ్ మీదుగా తిప్పుతున్నారు. అలా వెళ్లిన ఆడపిల్ల ఏ ఇంట్లో ఉందో రాయబార కార్యాలయానికి కూడా తెలిసే వీలుండదు.

*ప్రశ్న: మా బావ కువైట్‌లో గదిలో నిద్రలోనే చనిపోయారు. ఈసీఆర్ మీద పద్ధతిగానే వెళ్లారు. రూ.10 లక్షల బీమా వస్తుందా? కంపెనీ మనిషి ఫోన్ చేసి ఏవో కాగితాల మీద మా అక్క సంతకం పెట్టి పంపమంటున్నాడు. (మందస మండలం)*

జవాబు: మీ అక్కగారికి మా సానుభూతి. ముందుగా ఆ కాగితాల సంగతి: చదివించుకోకుండా సంతకం చేయవద్దు. పార్థివదేహాన్ని పంపడానికి కుటుంబం ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అవసరమే. కానీ అదే కాగితంలో బకాయి జీతం, సర్వీసు సొమ్ము (చేసిన సర్వీసుకు చివర్లో ఇచ్చే మొత్తం), పరిహారం అన్నీ ముట్టాయని ఒక వాక్యం ఉంటే, ఆ సంతకంతో అవన్నీ పోతాయి. అధికారాన్ని కంపెనీ మనిషి పేర కాకుండా భారత రాయబార కార్యాలయం పేరనో, నమ్మకమైన బంధువు పేరనో ఇవ్వండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు దగ్గర పెట్టుకోండి. తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వెంటనే తీసుకోండి, ప్రతి దశలోనూ అడుగుతారు. దేహాన్ని తెప్పించే ఖర్చు కంపెనీ పెట్టకపోతే, 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయం భరించవచ్చు. విమానాశ్రయం నుంచి ఊరికి ఉచిత అంబులెన్సు కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని అడగండి.

బీమా విషయంలో కచ్చితంగా చెప్పాలి. ప్రవాసీ భారతీయ బీమా కింద రూ.10 లక్షలు ప్రమాదం వల్ల మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇస్తారు. నిద్రలో గుండె ఆగి పోయారని, సహజ మరణమని అక్కడి ధ్రువపత్రంలో రాస్తే ఆ మొత్తం రాదు. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియంతో నడిచే మంచి పథకమే ఇది, కానీ ఎండదెబ్బకు గదిలో కన్నుమూసినవాడికి ఇందులో చోటు లేదు. ఈ నిబంధన మారాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయి 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో శ్రీకాకుళం జిల్లా కార్మికుడూ ఉన్నాడు. అది ప్రమాదమని లోకమంతా చూసింది. గదిలో ఒంటరిగా పోయినవాడి విషయంలో కారణం ఎవరూ వెతకరు. అందుకే వైద్య నివేదిక, పోలీసు నివేదిక ప్రతులు ఇవ్వమని రాయబార కార్యాలయాన్ని రాతపూర్వకంగా కోరండి. ముందురోజు ఎక్కడ, ఎన్ని గంటలు పనిచేశారో గదిలో తోటివారిని అడిగి రాసిపెట్టుకోండి. బీమా వచ్చినా రాకపోయినా, బకాయి జీతం, సర్వీసు సొమ్ము మీ అక్కగారికి చట్టప్రకారం రావలసినవే.

*ప్రశ్న: కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు రూ.80,000 అంటున్నారు. డిగ్రీ చదివాను. నమ్మవచ్చా? (విజయనగరం మండలం)*

జవాబు: నమ్మవద్దు. ఇదే మాట చెప్పి మన ఉత్తరాంధ్ర యువకులను కంబోడియా తీసుకెళ్లి, గదుల్లో బంధించి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేదు, కాబట్టి ఎమిగ్రేషన్ అనుమతి దశలో ఆపేవారూ ఉండరు. డబ్బు ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, ఫోన్ సంభాషణలు తుడిచేయకుండా మీ పోలీసు స్టేషన్‌లో ఇవ్వండి. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో ముందే రాయండి. ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.