చైన్‌లో ఇరుక్కున్న ఇల్లు: ఎక్స్ఛేంజ్ కాకముందు ఏ తేదీనీ నమ్మకండి

కంప్లీషన్ (మొత్తం డబ్బు కట్టి తాళాలు తీసుకోవడం) తేదీ ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది, ఎక్స్ఛేంజ్ (సంతకాలైన ఒప్పందాలు మార్చుకోవడం) ఇంకా కాలేదు, అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేశారు, గృహప్రవేశానికని మీ అత్తగారూ మామగారూ టికెట్లు కొనుక్కున్నారు, సొలిసిటర్‌ను (మీ లాయరును) ఎప్పుడు అడిగినా "అవతలివాళ్ల నుంచి జవాబు రావాలి" అన్న మాటే వస్తోంది. ఇదీ మీరు రాసింది. 2025లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు కొన్నప్పుడు మేం పడ్డ అవస్థ దాదాపు ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నోటీసు సంగతి చూడండి, మిగతావి ఆగుతాయి. ఒకసారి ఇచ్చిన నోటీసును మనంతట మనం వెనక్కి తీసుకోలేం, ఇంటి యజమాని ఒప్పుకోవాలి. కొత్తవాళ్లు ఇంకా దొరక్కపోతే చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ఖాళీ ఇల్లు వాళ్లకూ నష్టమే. ఈరోజే ఫోన్ చేయండి, ఒప్పుకుంటే ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకోండి. ఒప్పుకోకపోతే సామాను స్టోరేజ్‌లో పెట్టి, మీరు తాత్కాలికంగా ఎక్కడ ఉంటారో ఇప్పుడే చూసుకోవాలి. స్నేహితుల ఇల్లు వారం రోజులకైతే బాగుంటుంది. నెల దాటితే స్నేహం మీద భారం పడుతుంది. మేం నోటీసు ఇవ్వకుండా ఆగాం. అది నా తెలివి కాదు, బద్ధకం. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఉండగానే మొదటి తేదీ జారిపోయింది.

చైన్ అంటే ఒకరి కొనుగోలు ఇంకొకరి అమ్మకం మీద ఆధారపడ్డ వరుస. మా చైన్‌లో నాలుగు కుటుంబాలు. అడుగున మేం, మొదటి ఇల్లు కొంటున్నవాళ్లం. మాకు మూడు పడకగదుల ఇల్లు 4,10,000 పౌండ్లకు అమ్ముతున్న దంపతులు ఒక పెద్దావిడ ఇల్లు కొంటున్నారు. ఆ పెద్దావిడ వృద్ధులకోసం కట్టిన ఒక ఫ్లాట్‌లోకి వెళ్తున్నారు. ఆ ఫ్లాట్ యజమాని చనిపోగా పిల్లలు అమ్ముతున్నారు. కంప్లీషన్ మార్చి 28, శుక్రవారం అని మాకు ఇల్లు చూపించిన, అమ్మేవాళ్ల ఏజెంట్ అన్నాడు.

ఆ తేదీని మేం పట్టుకుని వేలాడటానికి రెండు కారణాలున్నాయి. మొదటి ఇల్లు కొనేవాళ్లకు మార్చి 31 వరకు 4,25,000 పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితి 3,00,000కు తగ్గింది. మా ధరకు లెక్క వేస్తే ఆ ఒక్క రాత్రి ఖరీదు 5,500 పౌండ్లు. రెండోది, మార్చి 30 ఆదివారం ఉగాది. అమ్మానాన్నలు ఆరు నెలల విజిటర్ వీసా మీద జనవరిలోనే వచ్చి ఉన్నారు. 29న అమావాస్య, పైగా సూర్యగ్రహణం. శుక్రవారం తాళాలు తీసుకుని, ఉగాది పొద్దున పాలు పొంగించాలని అమ్మ క్యాలెండర్ ముందు కూర్చుని తేల్చేసింది. నేను ఫ్రిజ్ మీద ఎర్ర ఇంకుతో 28 అని రాసి అంటించాను. నిజానికి ఆ తేదీ ఎవరూ మాకు రాసిచ్చింది కాదు. ఇంగ్లండ్‌లో ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ మధ్య ఉన్నది ఒట్టి నోటిమాట. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవడం లాంటిది ఇక్కడ ఎక్స్ఛేంజే. అంతకు ముందు ఏజెంట్ చెప్పే తేదీ అతని ఆశ మాత్రమే.

నేను చేసిన అసలు తప్పు అడగకూడని మనిషిని అడుగుతూ కూర్చోవడం. మన సొలిసిటర్ మనకు అమ్మేవాళ్ల సొలిసిటర్‌కు మాత్రమే రాస్తారు. ఆ పైన ఏం జరుగుతోందో మన సొలిసిటర్‌కూ తెలియదు. ఏజెంట్ అయితే పై ఇళ్ల ఏజెంట్లందరికీ ఫోన్ చేయగలడు, కంప్లీషన్ అయితేనే అతనికి కమిషన్ కాబట్టి చేస్తాడు కూడా. ఫిబ్రవరి చివర్లో ఒక శనివారం నేరుగా వాళ్ల ఆఫీసుకు వెళ్లి ఒకే ప్రశ్న అడిగాను: "ఏ ఇంటి దగ్గర, ఏ కాగితం కోసం ఆగింది?" రెండు రోజుల్లో జవాబు వచ్చింది. చైన్ పైకొసన ఉన్న ఫ్లాట్ అమ్ముతున్న పిల్లలకు ప్రొబేట్ (చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే అధికారమిచ్చే పత్రం) రాలేదు. అది లేకుండా ఇంటిని అమ్మకానికి పెట్టవచ్చు, ఆఫర్ ఒప్పుకోవచ్చు, అమ్మకం మాత్రం పూర్తి చేయలేరు. ఎవరూ దాచలేదు, ఎవరూ అడగలేదు, అంతే. అన్నాళ్లూ మేం డ్రైనేజీ రిపోర్టు ఎందుకు రాలేదని వాటర్ కంపెనీని తిట్టుకుంటూ కూర్చున్నాం.

మీరూ ఆ ప్రశ్నను ఆ మాటల్లోనే అడగండి. వచ్చే జవాబును బట్టి మీ ఓపికను కొలుచుకోవచ్చు. లీజ్‌హోల్డ్ (దీర్ఘకాల లీజు మీద ఉండే) ఫ్లాట్ తాలూకు మేనేజ్‌మెంట్ కాగితాలైతే కొన్ని వారాల్లో వస్తాయి, వెంటపడితే కాస్త త్వరగా కూడా రావచ్చు. ప్రొబేట్‌ను మీరు తొందరపెట్టలేరు, కానీ దానికి ఒక ముగింపు ఉంటుంది. "పైవాళ్లకు ఇంకా నచ్చిన ఇల్లు దొరకలేదు" అన్న జవాబు వస్తే మాత్రం భయపడాలి. దానికి గడువు లేదు. నేనైతే ఆ జవాబు విన్న రోజు నుంచే వేరే ఇళ్లు చూడటం మొదలుపెడతాను.

మార్చి 28 వచ్చింది, పోయింది. ఉగాది పచ్చడి అద్దె ఫ్లాట్‌లోనే, అట్టపెట్టెల మధ్య చేసుకున్నాం. ఊరి నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు ఏ పెట్టెలో సర్దామో తెలియక నాలుగు పెట్టెలు విప్పాం. స్టీలు గిన్నెలు దొరక్క ఐస్‌క్రీమ్ డబ్బాలో కలిపాం. స్టాంప్ డ్యూటీలో సగం భరించమని అమ్మేవాళ్లను అడిగాను, కుదరదన్నారు. తప్పు వాళ్లదీ కాదు కదా. పోనీ మీరు కొన్నాళ్లు అద్దెకు వెళ్లి చైన్ తెంచండి అన్నాను. ఇద్దరు పిల్లలకూ ఒక కుక్కకూ మూడు నెలలకు ఇల్లు ఎవరిస్తారు అన్నారు, అదీ నిజమే. చివరికి వాషింగ్ మెషీన్, గడ్డి కోసే యంత్రం వదిలి వెళ్లారు. దాన్ని మా ఆవిడ ఇప్పటికీ "అయిదున్నర వేల పౌండ్ల యంత్రం" అనే అంటుంది.

మార్ట్‌గేజ్ ఆఫర్ (ఇంటి అప్పు ఇస్తామని బ్యాంకు ఇచ్చే కాగితం) గడువు చూసుకోండి. మాది డిసెంబరులో వచ్చింది, ఆరు నెలలే. ఏప్రిల్‌లోనే బ్రోకర్‌కు చెప్పి పొడిగింపు అడిగించాను, బ్యాంకు మళ్లీ జీతం కాగితాలు చూసి ఒప్పుకుంది. మే 8న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీని 4.5 నుంచి 4.25 శాతానికి తగ్గించింది. మా బ్యాంకు రేట్లు కూడా కాస్త దిగడంతో బ్రోకర్ మమ్మల్ని తక్కువ రేటుకు మార్చాడు. ఈ ఆలస్యం వల్ల మాకు జరిగిన మేలు ఇదొక్కటే. సెర్చ్‌లు (ఇంటి గురించి సొలిసిటర్ తెప్పించే రిపోర్టులు) కూడా ఆరు నెలలు దాటితే చాలా బ్యాంకులు ఒప్పుకోవు, ఆ తేదీని సొలిసిటర్‌ను అడిగి రాసి పెట్టుకోండి.

మే మొదట్లో నేనొక గడువు పెట్టాను. మే 31లోగా ఎక్స్ఛేంజ్ కాకపోతే తప్పుకుంటామని ఏజెంట్ ద్వారా మర్యాదగానే చెప్పించాను. సర్వేకు, సెర్చ్‌లకు, సొలిసిటర్‌కు అప్పటికే రెండు వేల పౌండ్లకు పైగా అయ్యాయి, తప్పుకుంటే అవన్నీ పోతాయి. అయినా నిజంగానే తప్పుకునేవాళ్లం. జూన్‌లో మూఢం, ఆపైన ఆషాఢం, జులైలో అమ్మావాళ్ల వీసా అయిపోతుంది. తప్పుకునే ఉద్దేశం లేకుండా గడువు పెట్టకండి. ఏజెంట్లు రోజూ ఇలాంటివి వింటుంటారు, గొంతును బట్టి పసిగట్టేస్తారు.

ప్రొబేట్ మే నడుమ వచ్చింది. 23న ఎక్స్ఛేంజ్, జూన్ 6న కంప్లీషన్. రెండింటికీ మధ్య రెండు వారాలు కావాలని నేనే పట్టుబట్టాను. ఆలస్యమైంది కదా, రెండూ ఒకే రోజు చేసేద్దాం అని మీ ఏజెంటూ అనవచ్చు. వద్దనండి. వ్యాన్ గుమ్మంలో నిలబడి ఉండగా ఎవరైనా మనసు మార్చుకున్నా మీరు ఏమీ చేయలేరు. ఎక్స్ఛేంజ్ అయ్యాక సంగతి వేరు. సాధారణంగా పది శాతం డిపాజిట్ కడతారు. చెప్పిన రోజు పూర్తి చేయనివాళ్లు రోజుకింత అని వడ్డీ కట్టాలి. నోటీస్ టు కంప్లీట్ (కంప్లీషన్ పూర్తి చేయమనే నోటీసు) ఇస్తే పది పనిదినాల్లో పూర్తి చేయాలి, లేదంటే అవతలివాళ్లు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఇంటి బీమా కూడా ఎక్స్ఛేంజ్ రోజు నుంచే తీసుకోండి, సాధారణంగా ఆ క్షణం నుంచి ఇంటికి ఏం జరిగినా భారం కొనేవాళ్లదే. వ్యాన్, సెలవు, గృహప్రవేశం పిలుపులు అన్నీ ఆ తర్వాతే. మీ అత్తగారివాళ్ల టికెట్లు మార్చుకునే వీలుంటే ఇప్పుడే వెనక్కి జరపండి.

కంప్లీషన్ రోజు కూడా సాఫీగా జరుగుతుందని అనుకోకండి. డబ్బు అడుగునున్న మన నుంచి ఒక్కో సొలిసిటర్ ఖాతా దాటుకుంటూ పైకి ఎక్కాలి. మామూలు ఒప్పందాల్లో మధ్యాహ్నం రెండు తర్వాత చేరిన డబ్బు మర్నాటి పనిదినం లెక్కలోకి వెళ్తుంది. శుక్రవారమైతే అది సోమవారం అన్నమాట. అందుకే వీలైతే మంగళ, బుధవారాలు అడగండి. మేం ఈ సంగతి తెలియక శుక్రవారానికే ఒప్పుకున్నాం.

అద్దె ఇంటి నుంచి పదకొండింటికి బయలుదేరాం. కొత్త వీధిలో ఇంటికి నాలుగు గుమ్మాల అవతల వ్యాన్, దాని వెనక మా కారు. అమ్మ ఒళ్లో దేవుడి పటాలు, కాళ్ల దగ్గర కరివేపాకు మొక్క. రెండయింది, మూడయింది, పాల ప్యాకెట్ వేడెక్కుతోందని అమ్మ దాన్ని తడిగుడ్డలో చుట్టింది. అమ్మేవాళ్ల పిల్లలు కుక్కతో సహా గుమ్మంలో కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు, వాళ్లూ తమ తాళాల కోసం ఎదురుచూస్తున్నారు. నాలుగూ పదికి ఏజెంట్ ఫోన్ చేసి తాళాలు తీసుకోమన్నాడు. పరుగున వెళ్లి తెచ్చి కారు తలుపు తీస్తే అమ్మ దిగలేదు. శుక్రవారం మూడు నుంచి నాలుగున్నర దాకా యమగండమట. "మార్చి నుంచి ఆగాం, ఈ కాసేపు ఆగలేమా" అంది. తాళాలు చేతిలో పట్టుకుని మళ్లీ కారులోనే కూర్చున్నాం. గంట లెక్కన మాట్లాడుకున్న వ్యాన్ కుర్రాళ్లకు ఆ కాసేపటికీ కలిపి డబ్బు ఇచ్చాను.